డోనా సమ్మర్: పాటను పాత్రగా ధరించిన డిస్కో గాయని

డోనా సమ్మర్ జీవితం, వృత్తి గురించి వివరంగా చెప్పమని అడిగారు. ఆమె పాటల గొప్పదనమంతా నిర్మాత జార్జియో మొరోడర్ వాడిన, విద్యుత్తుతో స్వరాలు పుట్టించే సింథసైజర్లదేననీ, ఆమె స్థానంలో మరెవరు పాడినా అంతే పేరు వచ్చేదనీ తరచుగా వినిపించే మాట ఎంతవరకు నిజమని కూడా అడిగారు. రికార్డింగ్ థియేటర్లో మిక్సింగ్ పనిలో చాలా ఏళ్లు గడిపిన అనుభవంతో చెబుతున్నాను, ఆ మాట నిజం కాదు. మొరోడర్ చేసిన పని సంగీత చరిత్రలో ఒక మలుపు అన్నది నేనూ ఒప్పుకుంటాను. కాని డోనా సమ్మర్ రంగస్థలం మీద తయారైన గాయని, స్వయంగా పాటలు రాసిన మనిషి. ప్రతి పాటలోనూ ఒక పాత్రను ధరించి, ఆ పాత్రకు తగిన గొంతు వెతుక్కుని పాడింది. ఈ సంగతి అర్థం కావాలంటే ఆమె డిస్కోలోకి రాకముందు ఏం చేసిందో ముందు తెలుసుకోవాలి.

ఆమె అసలు పేరు లడోనా ఏడ్రియన్ గెయిన్స్. 1948 డిసెంబర్ 31న అమెరికాలోని బోస్టన్ నగరంలో, ఏడుగురు పిల్లలున్న ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబంలో పుట్టింది. తండ్రి మాంసం కొట్టే వృత్తిలో ఉండేవాడు, తల్లి బడిలో పాఠాలు చెప్పేది. పదేళ్ల వయసులో, చర్చిలో పాడవలసిన గాయని రాకపోతే ఆ చోట ఈ పిల్లను నిలబెట్టారు. మహాలియా జాక్సన్ వంటి గాస్పెల్ (చర్చి భక్తిగీతాల) గాయనుల పాటలే ఆమెకు మొదటి పాఠాలు. గుండె నిండా గాలి తీసుకుని, మైకు లేకపోయినా చివరి వరుస దాకా వినిపించేలా పాడే ఆ పద్ధతి ఆమె గొంతులో జీవితాంతం ఉంది; తరువాత ఆమె గుసగుసలాడినట్టు పాడిన పాటల్లో సైతం అవసరమైన క్షణంలో అది పైకి లేస్తుంది. 1960ల చివర్లో 'క్రో' అనే రాక్ బృందంలో పాడింది. హైస్కూలు చదువు ముగియడానికి కొద్ది వారాల ముందే న్యూయార్క్ వెళ్లిపోయింది.

న్యూయార్క్‌లో 'హెయిర్' అనే సంగీత నాటకం ఎంపికలకు హాజరైంది. న్యూయార్క్ పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వే ప్రదర్శనలో చోటు దొరకలేదు గాని, అదే నాటకాన్ని జర్మన్ భాషలో మ్యూనిక్ నగరంలో వేయబోతున్న బృందంలో దొరికింది. 1968లో, పంతొమ్మిదేళ్ల వయసులో, భాష తెలియని దేశానికి ఒంటరిగా ప్రయాణమైంది. జర్మన్ నేర్చుకుని, ఆ భాషలోనే సంభాషణలు చెప్పి, పాటలు పాడి, రికార్డు కూడా ఇచ్చింది. తరువాత కొన్నేళ్లు మ్యూనిక్, వియన్నా నగరాల మధ్య నాటకాలే ఆమె జీవనోపాధి. 'గాడ్‌స్పెల్', 'షో బోట్', 'పోర్గీ అండ్ బెస్' వంటి ప్రదర్శనల్లో పాలుపంచుకుంది. రాత్రి తరువాత రాత్రి అదే పాత్రను, అదే పాటను, అలసట కనబడనివ్వకుండా ప్రేక్షకుల ముందు పెట్టడం అక్కడే అలవాటైంది. ఆస్ట్రియా నటుడు హెల్ముట్ సోమర్‌ను పెళ్లాడింది. 1973లో మిమీ అనే కూతురు పుట్టింది. ఆ పెళ్లి ఎక్కువ కాలం నిలవలేదు గాని, భర్త ఇంటిపేరు ఇంగ్లిషు రూపంలో సమ్మర్‌గా మారి ఆమెతోనే ఉండిపోయింది.

ఇల్లు గడవడానికి నాటకాలతో పాటు స్టూడియోల్లో కోరస్ పాడేది. అలాంటి ఒక రికార్డింగులోనే మొరోడర్, ఆయనతో కలిసి పాటలు చేసే పీట్ బెలొట్ ఆమెను గమనించారు. మొరోడర్ ఉత్తర ఇటలీ వాడు, బెలొట్ ఇంగ్లండు వాడు, గాయని అమెరికా మనిషి. ముగ్గురూ కలిసి పనిచేసింది మ్యూనిక్‌లోని ఒక ఎత్తయిన భవనం అడుగున, నేలమాళిగలో ఉన్న మ్యూజిక్‌లాండ్ స్టూడియోలో. 1974లో వచ్చిన మొదటి ఆల్బమ్ 'లేడీ ఆఫ్ ది నైట్' అమెరికాలో విడుదలే కాలేదు. అందులోని ఒక పాట నెదర్లాండ్స్‌లో బాగా ఆడింది. అప్పటికి ఆమె పాడినవి కథ చెప్పే మామూలు పాప్ పాటలే.

దారి మళ్లించిన పాట 1975లో వచ్చింది. 'లవ్ టు లవ్ యూ' అనే మాటను పట్టుకుని పాట చేయవచ్చని మొరోడర్ దగ్గరికి వెళ్లింది ఆమే. ఆయన బాణీ కట్టి తెచ్చాక దాన్ని వేరే గాయనికి ఇద్దామని ఆమె అభిప్రాయం. తాను ట్రాక్, అంటే అసలు గాయనికి నమూనాగా ఉండే పాట, మాత్రమే పాడింది. ట్రాక్ పాడినవారి గొంతే చివరికి పాటలో నిలిచిపోవడం మన చిత్రపరిశ్రమలోనూ చాలాసార్లు జరిగింది, ఇక్కడ జరిగింది కూడా అదే. ఆ గొంతునే ఉంచాలని మొరోడర్ పట్టుబట్టాడు. చర్చి నేర్పిన సిగ్గు ఆమెను వదలలేదు కనుక స్టూడియోలో దీపాలు తగ్గించి, నేలమీద పడుకుని, మార్లిన్ మన్రో ఈ పాట పాడితే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ పాడానని తరువాత చెప్పింది. ఆ పాటలోని నిట్టూర్పులను శృంగారమని పొగిడినవారూ అశ్లీలమని తిట్టినవారూ ఎందరో ఉన్నారు గాని, అది నటన అని గుర్తించినవారు తక్కువ. ఒక నటి మరొక నటిని అనుకరిస్తూ పాడిన పాట అది.

అమెరికాలో కాసాబ్లాంకా రికార్డ్స్ అధిపతి నీల్ బోగార్ట్ ఒక విందులో ఈ పాట వేస్తే అతిథులు మళ్లీ మళ్లీ వేయమన్నారట. దాన్ని ఒక ఎల్‌పీ రికార్డు ఒక వైపంతా నిండేంత పొడవుగా చేసి ఇమ్మని ఆయన మొరోడర్‌ను అడిగాడు. దాదాపు 17 నిమిషాల రూపం అలా తయారైంది. మిక్సింగ్ చేసేవాడి చెవితో వింటే ఈ 17 నిమిషాల్లో అసలు కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. కాలితో వాయించే కిక్ డ్రమ్ము, అడుగు స్వరాలు పలికే బాస్, తీగవాద్యాలు అన్నీ నిండుగా మోగుతుండగా, మైకుకు అతి దగ్గరగా పాడిన పలచని గొంతు వాటి కింద మునిగిపోవాలి. కాని మునగదు. ఊపిరి పీల్చే చప్పుడును, విడిచే చప్పుడును ఆమె తాళంలోనే వేసింది. ఆ ఊపిరి కూడా ఒక తాళవాద్యంగా మారి మిగిలిన వాద్యాల సందుల్లో తనకు చోటు చేసుకుంది. ఇంత పొడవైన పాటలో మాటలు కొన్నే ఉన్నా విసుగు పుట్టకపోవడానికి కారణం ఇదే. బీబీసీ ప్రసారం చేయనన్నా బ్రిటన్‌లో నాలుగో స్థానానికి, 1976 ఆరంభంలో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానానికి చేరింది.

విజయంతో పాటు ఒక ముద్ర కూడా పడింది. కాసాబ్లాంకా వారు ఆమెను శృంగార దేవతగా ప్రచారం చేశారు. చర్చిలో పాడుతూ పెరిగిన మనిషికి ఆ వేషం మోయరాని బరువైంది. 1976 చివర్లో న్యూయార్క్‌లోని ఒక హోటల్ గదిలో ప్రాణం తీసుకోబోయాననీ, గది శుభ్రం చేసే మనిషి లోపలికి రావడంతో బతికిపోయాననీ ఆమె 2003లో వచ్చిన తన ఆత్మకథలో చెప్పుకుంది. ఆ తరువాతి సంవత్సరాలే ఆమె వృత్తిలో అత్యున్నతమైనవి కావడం వల్ల చాలామంది ఈ భాగాన్ని దాటవేస్తారు. దాటవేయకూడదు, ఆ రోజుల్లో ఆమె పాడిన ప్రతి పాట వెనుకా ఈ బాధ ఉంది.

ఇక 'ఐ ఫీల్ లవ్' సంగతి. 1977లో వచ్చిన 'ఐ రిమెంబర్ యెస్టర్‌డే' ఆల్బమ్‌లో ఒక్కొక్క పాట ఒక్కొక్క దశాబ్దపు సంగీతాన్ని గుర్తు చేయాలని, చివరి పాట రాబోయే కాలపు పాటగా ఉండాలని వారు సంకల్పించారు. భవిష్యత్తు పాటలో ఆర్కెస్ట్రా ఉండదని తీర్మానించి, గోడంత మోగ్ మాడ్యులర్ సింథసైజర్‌ను ముందు పెట్టుకున్నారు. ఆ యంత్రం కొద్ది సెకన్లకే శ్రుతి తప్పేది. అందుకని కొంచెం రికార్డు చేయడం, ఆపడం, శ్రుతి సరిచేసుకోవడం, మళ్లీ అక్కడినుంచి అందుకోవడం, ఇలా ముక్కముక్కగా సాగింది. ఇంజినీర్ రాబీ వెడెల్ టేపు మీద ఒక ట్రాకును కేవలం తాళపు సంకేతానికి కేటాయించి, ఆ సంకేతాన్ని బట్టే యంత్రం నడిచేటట్టు చేశాడు కనుక ఏ ముక్క ఎప్పుడు రికార్డు చేసినా కాలప్రమాణం వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరింది. డ్రమ్ముల జట్టులో ఉండే జంట తాళాల (హైహాట్) చప్పుడును కూడా యంత్రపు హోరు నుంచే పుట్టించారు. కిక్ డ్రమ్ములో మాత్రం కావలసిన గట్టిదనం యంత్రం నుంచి రాకపోవడంతో కీత్ ఫోర్సీ అనే డ్రమ్మర్ కాలితో వాయించాడు. అంటే పూర్తిగా యంత్రాల పాట అని పేరుపడిన ఈ పాటకు నడక ఇచ్చింది ఒక మనిషి కాలు.

బాస్ విషయంలో చేసిన చిన్న ఏర్పాటే ఆ పాట ప్రాణం. బాస్ స్వరాలను ఒక స్పీకరులో ఉంచి, వాటినే అరలిప్త ఆలస్యంగా రెండో స్పీకరులో మళ్లీ మోగించారు. దాంతో స్వరాల సంఖ్య రెట్టింపై, రెండు చెవుల మధ్య పరుగెత్తుతున్నట్టు వినిపిస్తుంది. ఇంత కచ్చితమైన, వేడి లేని చక్రం మీద గాస్పెల్ పద్ధతిలో గొంతెత్తి పాడితే పొసగదు. ఆమె తన బలమైన గొంతును పక్కన పెట్టి, తలలోంచి పలికే సన్నని స్వరాన్ని ఎంచుకుంది. మాటలను సాగదీసి, ఒక అక్షరం ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో తెలియకుండా తేల్చింది. కింద యంత్రం తరిగిన ముక్కల్లా స్వరాలు వేస్తుంటే పైన గొంతు మాత్రం తెగకుండా పొగలా పరుచుకుంటుంది. ఆ వైరుధ్యమే పాట. పాట రాసినవారిలో మొరోడర్, బెలొట్‌లతో పాటు ఆమె పేరు కూడా ఉంది. మొదట దీన్ని మరో పాటకు బి-సైడుగా, అంటే రికార్డు వెనుక వైపు పాటగా, వేసిన కాసాబ్లాంకా వారు, క్లబ్బుల్లో జనం దీన్నే అడుగుతుండటంతో తిప్పి వేయవలసి వచ్చింది. 1977 జూలైలో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరి నాలుగు వారాలు అక్కడే ఉంది. అమెరికాలో ఆరో స్థానం. బెర్లిన్‌లో పనిచేసుకుంటున్న రాక్ గాయకుడు డేవిడ్ బోవీ దగ్గరికి ఆయన సహచర సంగీతకారుడు బ్రయన్ ఈనో ఈ రికార్డు పట్టుకుని పరుగున వచ్చి, భవిష్యత్తు శబ్దం తనకు దొరికిందన్నాడని బోవీయే తరువాత చెప్పాడు. టెక్నో, హౌస్ అనే యంత్రాల నృత్యసంగీతాలు చేసినవారు ఈ పాటకు రుణపడి ఉన్నారు.

డిస్కో ధోరణి మన దేశానికి సినిమాల దారిన చేరింది. 1980లో హిందీ 'కుర్బానీ', 1982లో బప్పీ లహరి సంగీతంతో 'డిస్కో డాన్సర్' వచ్చాయి. అదే బప్పీ లహరి 1986లో కృష్ణ 'సింహాసనం' సినిమాతో తెలుగులో అడుగుపెట్టాడు. ఆ రోజుల తెలుగు నృత్యగీతాల్లో తాళమంతా సమానంగా కొట్టే కిక్ డ్రమ్ము, పరుగుల బాస్ విన్నవారు ఆ వాడుక మూలాలను మ్యూనిక్ దాకా వెతుక్కోవచ్చు.

యంత్రాల పాట పాడిన ఏడాదే ఆమె 'వన్స్ అపాన్ ఎ టైమ్' పేరుతో సిండరెల్లా కథను ఇప్పటి నగరంలోకి తెచ్చి రెండు రికార్డుల ఆల్బమ్‌గా పాడింది. నాటకంలో పెరిగిన మనిషి కనుకనే అలాంటి ఆలోచనకు ఒప్పుకుంది. 1978లో 'థాంక్ గాడ్ ఇట్స్ ఫ్రైడే' సినిమాలో అవకాశం కోసం ఎదురుచూసే గాయని పాత్ర వేసి 'లాస్ట్ డాన్స్' పాడింది. పాల్ జబారా రాసిన ఈ పాట నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు మొదలై, హఠాత్తుగా వేగం అందుకుని, మధ్యలో మళ్లీ నెమ్మదిస్తుంది. అంతవరకు డిస్కో పాటల్లో చాలావరకు మొదటి నుంచి చివరి దాకా వేగం మారేది కాదు. ఈ పాటకు రచయితగా జబారాకు ఆస్కార్ వచ్చింది, గాయనికి మొదటి గ్రామీ వచ్చింది. అదే ఏడాది నవంబరులో జిమ్మీ వెబ్ రాసిన పాత పాట 'మెకార్థర్ పార్క్' ఆమె గొంతులో మొదటి స్థానానికి చేరి, ఆమెకు అమెరికాలో తొలి నంబర్ వన్ అయింది.

1978 నవంబరు నుంచి 1979 నవంబరు దాకా ఆమె పాడిన నాలుగు పాటలు అమెరికాలో మొదటి స్థానం పొందాయి. 'మెకార్థర్ పార్క్' తరువాత 'హాట్ స్టఫ్', 'బ్యాడ్ గర్ల్స్', బార్బ్రా స్ట్రైసాండ్‌తో కలిసి పాడిన 'నో మోర్ టియర్స్' వరుసగా వచ్చాయి. 'లైవ్ అండ్ మోర్', 'బ్యాడ్ గర్ల్స్', 'ఆన్ ద రేడియో' అనే మూడు రెండేసి రికార్డుల ఆల్బమ్‌లు వరుసగా మొదటి స్థానం పొందడం ఆమెకు ముందు ఎవరికీ జరగలేదు. 'బ్యాడ్ గర్ల్స్' పాట పుట్టుక తెలుసుకోదగినది. కాసాబ్లాంకా ఆఫీసులో పనిచేసే ఒక యువతిని దారిలో పోలీసులు వేశ్య అనుకుని ఆపారట; ఆ అవమానం విని డోనా, వీధిలో నిలబడే ఆడవాళ్ల గురించి ఈ పాట రాసింది. బోగార్ట్ దీన్ని గాయని షేర్‌కు ఇద్దామంటే ఒప్పుకోలేదు. పాట హుషారుగా ఉంటుంది గాని, ఆ ఆడవాళ్లకూ తనకూ తేడా లేదని అందులోని పాత్ర చివరికి ఒప్పుకుంటుంది. 'హాట్ స్టఫ్'లో జెఫ్ బాక్స్టర్ చేత రాక్ గిటార్ వాయించారు; ఆ పాటకు ఆమె అందుకున్నది రాక్ గాయనుల విభాగంలో ఇచ్చిన మొట్టమొదటి గ్రామీ. డిస్కో గాయని, అందులోనూ నల్లజాతి మహిళ, ఆ బహుమతి అందుకోవడం ఆనాడు చిన్న సంగతి కాదు.

ఆమె యంత్రాల మీద ఆధారపడిన గాయని అనేవారు ఆమె రచనను చూడాలి. 'డిమ్ ఆల్ ద లైట్స్' పూర్తిగా ఆమె ఒక్కతే రాసిన పాట. అమెరికాలో రెండో స్థానానికి వెళ్లింది. తన రెండో భర్త బ్రూస్ సుడానోతో కలిసి రాసిన 'స్టార్టింగ్ ఓవర్ అగెయిన్' పాటను గాయని డాలీ పార్టన్ పాడగా, అది 1980లో కంట్రీ అనే అమెరికా పల్లె సంగీతపు పట్టికలో మొదటి స్థానం పొందింది. సింథసైజర్‌కూ డిస్కోకూ సంబంధమే లేని విజయం అది.

1979 జూలై 12న షికాగోలోని కమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో, రెండు ఆటల మధ్య విరామంలో, ఒక రేడియో వ్యాఖ్యాత డిస్కో రికార్డుల పెట్టెను పేల్చివేశాడు. జనం మైదానంలోకి దూకి రభస చేయడంతో రెండో ఆట జరగలేదు. 'బ్యాడ్ గర్ల్స్' పాట మొదటి స్థానానికి చేరిన వారమే అది. నల్లవారి, స్వలింగ ప్రేమికుల క్లబ్బుల్లో పెరిగిన సంగీతం మీద వెళ్లగక్కిన ఆ కోపాన్ని కేవలం సంగీతాభిరుచిగా చూడలేమన్నది నా అభిప్రాయం.

ఆమె అప్పటికే కాసాబ్లాంకాతో తగవులో ఉంది. కంపెనీ అధిపతి భార్యే ఆమె వ్యవహారాలు చూసే మేనేజరు కావడం ఆ తగవుకు ఒక కారణం. దావా వేసి బయటపడి, 1980లో డేవిడ్ గెఫెన్ కొత్తగా పెట్టిన కంపెనీకి తొలి గాయని అయింది. ఆ ఒప్పందం ఆమెకు పెద్దగా కలిసిరాలేదు. మొరోడర్, బెలొట్‌లతో బంధం కూడా అక్కడే ముగిసింది. పాత కంపెనీకి బాకీ ఉన్న ఒక ఆల్బమ్ కోసం 1983లో చేసిన 'షీ వర్క్స్ హార్డ్ ఫర్ ద మనీ' మాత్రం పెద్ద విజయం సాధించింది. ఒక విందు జరిగిన రెస్టారెంటులో కడుగుగది దగ్గర పనిచేసే స్త్రీ అలసిపోయి కునుకు తీస్తుండగా చూసి ఆమె ఆ పాట రాసింది.

ఇదే కాలంలో ఆమె మళ్లీ క్రైస్తవ భక్తి వైపు మళ్లింది. భక్తిగీతాలకు రెండు గ్రామీలు వచ్చాయి. ఎయిడ్స్ గురించి ఆమె స్వలింగ ప్రేమికులను నొప్పించే మాటలన్నదని 1980ల మధ్యలో ప్రచారమై, ఆమెను మొదటి నుంచీ ఆదరించిన శ్రోతల్లో చాలామంది దూరమయ్యారు. ఆ మాటలు తాను అనలేదని ఆమె చివరిదాకా చెప్పింది. వాటిని ప్రచురించిన ఒక పత్రిక మీద దావా వేయగా అది కోర్టు బయట పరిష్కారమైంది. 1998లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో ఎయిడ్స్ బాధితుల సహాయార్థం కచేరీ చేసింది. ఈ లోపు 1989లో బ్రిటిష్ నిర్మాతలతో చేసిన 'దిస్ టైమ్ ఐ నో ఇట్స్ ఫర్ రియల్' ఆమెను మళ్లీ అమెరికా మొదటి పది పాటల్లో నిలిపింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2012 మే 17న ఫ్లోరిడాలో, 63 ఏళ్ల వయసులో కన్నుమూసింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను చేర్చుకున్నది మరుసటి ఏడాది. బతికుండగానే చేర్చుకోవలసింది, ఆ ఆలస్యాన్ని నేను సమర్థించలేను.

వినదలచుకుంటే 'ఐ ఫీల్ లవ్' పాత మిక్సును ఇయర్‌ఫోన్లతో వినండి. ఒక చెవిలోది తీసేస్తే బాస్‌లో సగం స్వరాలు మాయమవుతాయి, గొంతు మాత్రం చెక్కుచెదరదు. తరువాత 'డిమ్ ఆల్ ద లైట్స్' వినండి. నెమ్మదిగా మొదలై వేగం అందుకునే ఆ పాటలో ఒక చోట ఆమె ఊపిరి తిప్పుకోకుండా ఒకే స్వరాన్ని ఎంతసేపు నిలుపుతుందో గమనించండి. బోస్టన్ చర్చి నేర్పిన బలం అక్కడ వినిపిస్తుంది. ఆ పైన లాస్ ఏంజెలస్ యూనివర్సల్ ఆంఫీథియేటర్‌లో రికార్డు చేసిన 'లైవ్ అండ్ మోర్' వినండి. అందులోని కచేరీ భాగంలో ఆమె వెనుక ఉన్నది వేదిక మీది వాద్యబృందం. 'లవ్ టు లవ్ యూ బేబీ' నుంచి 'లాస్ట్ డాన్స్' దాకా ఆమె తన పాటలను అక్కడ స్టూడియో సదుపాయాలేవీ లేకుండా, జనం ముందు నిలబడి పాడి నిలబెట్టింది.